జనవరి ఏడున పుట్టినవాళ్ళు

"కల్పనా, నీ డేటెప్పుడు?" అంది మా అత్త వరలక్ష్మమ్మ, చిక్కుడుకాయలకు నారలు తీస్తూ.

నెలకొకసారి ఆమె నన్ను అడిగే ప్రశ్నే ఇది. పెళ్ళైన కొత్తలో సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఇప్పుడు గ్యాస్ సిలిండర్ ఎప్పుడొస్తుందని అడిగితే చెప్పినట్టే చెప్పేస్తాను. ఈసారి అడగడానికి కారణం పెద్దది. శుక్రవారం మా ఇంటి కింద ఆఫీసులో పూజ. కాన్పుల ఆసుపత్రికి మేము చేసిచ్చిన సాఫ్ట్‌వేర్ ఆ రోజే పాత డేటాబేస్ వదిలి కొత్త దాంట్లోకి మారుతుంది. రాహుకాలం రాకముందే మా ఆయన మణిదీప్ మీట నొక్కాలని పంతులు ముహూర్తం పెట్టాడు. కంప్యూటర్‌కు ముహూర్తమేమిటని నవ్వకండి, మా వ్యాపారస్తుల ఇళ్ళల్లో కొత్త తక్కెడ తెచ్చినా పంచాంగం విప్పుతారు.

"శుక్రవారమే వచ్చేట్టుంది అత్తా."

"అట్లయితే ఈ పొద్దే మాత్ర మొదలుపెట్టు. డాక్టరమ్మ కూడా వస్తాది, నువ్వు బయట నిలబడితే ఏం బాగుంటాది? వంట సంగతంటావా, అది వేరే."

వంట సంగతి ఎప్పుడూ వేరే. ఆ మూడు రోజులూ దేవుడి గదికి పనికిరాను గానీ, పొయ్యికి మాత్రం భేషుగ్గా పనికొస్తాను. దేవుడికి నా ముట్టు అంటుతుందట, సాంబారుకు అంటదట. ఇన్నేళ్ళలో గృహప్రవేశమనీ, వ్రతమనీ, మరిది నిశ్చితార్థమనీ ముట్టు వెనక్కి జరపడానికి ఎన్ని మాత్రలు మింగానో. ప్రతిసారీ తర్వాత నెలంతా నడుము విరిగిపోయేది. "అందరాడోళ్ళూ ఏసుకుంటాండారు, నీకొక్కదానికే నొప్పులు" అనేది అత్త. ఈసారి మాత్రల అట్ట తీసుకొని డ్రాయర్లో పడేశాను. పంతం కూడా కాదు, ఆ రోజు నాకు నిజంగా బుర్రలో చోటు లేదు.

బుర్ర నిండా ఆసుపత్రే ఉంది. ఆ సాఫ్ట్‌వేర్‌ను ఎనిమిదేళ్ళ క్రితం నేనే రాశాను. ఎం.సి.ఎ. చదివి బెంగళూరులో రెండేళ్ళు చేసిన ఉద్యోగం పెళ్ళితో ఆగిపోతే, వంటింట్లో బియ్యం డబ్బా మీద ల్యాప్‌టాప్ పెట్టుకొని, ఒక కన్ను పాల గిన్నె మీద పెట్టి రాశాను. ఏ గర్భిణికి ఎన్నో నెల, స్కానింగ్ ఎప్పుడు, కాన్పు ఎప్పుడు, ఎవరికి ఈ వారం ఫోన్ చేసి పిలవాలి, అన్నీ అదే లెక్కకట్టి చెబుతుంది. అమ్మింది మా ఆయన. బోర్డు మీద పేరూ ఆయనదే. ఒకసారి ఆసుపత్రి పెద్ద డాక్టరు నాగలక్ష్మి గారు మా ఇంటికొచ్చి, నా ముందున్న తెర చూసి, "ఈమె కూడా చేస్తాదా?" అని అడిగింది. "ఆఁ, టైపింగ్ సాయం చేస్తాది మేడమ్, ఇంట్లో పొద్దుపోవాల కదా" అన్నాడు ఈయన నవ్వుతూ. నేను కాఫీ ఇచ్చి లోపలికొచ్చేశాను. సొమ్మొకడిది సోకొకడిది అని మా అమ్మ ఊరికే అనేది కాదు. ఆ కాఫీ గ్లాసులు తోముతూ ఎంత ఏడ్చానో నాకే తెలుసు.

డేటాబేస్ మార్చే పని మాత్రం మా మరిది సాయిగణేష్‌కు ఇచ్చారు. బెంగళూరులో పెద్ద కంపెనీలో చేస్తాడు, "వాడు అప్‌డేట్‌గా ఉండాడు" అన్నాడు మా ఆయన. వాడు అక్కడినుంచే రికార్డులన్నీ కొత్త దాంట్లోకి ఎక్కించాడు. గురువారం మధ్యాహ్నం భోంచేసి లేస్తూ మా ఆయన నాతో అన్నాడు, "సాయి అంతా అయిపోజేసినాడు. ఒక్క ఎర్రర్ కూడా రాలేదంట. ఊరికే ఒకసారి చూసిపెట్టు, నువ్వెట్లా ఇంట్లోనే ఉండావు కదా."

ఎంగిలి కంచాలు తీసి, ఇంట్లోనే ఉన్నదాన్ని కదా, చూడ్డానికి కూర్చున్నాను.

ముందు పేషెంట్ల పుట్టినరోజులు తెరిచాను. ముదిగుబ్బ లలిత, జనవరి ఏడు. బుక్కరాయసముద్రం షాహీన్, జనవరి ఏడు. ఇంకో పేజీ తిప్పాను. జనవరి ఏడు, జనవరి ఏడు, మళ్ళీ జనవరి ఏడు. నాకు నవ్వొచ్చింది. మా జిల్లాలో సగం మంది పుట్టింది జూలై ఒకటిన. నిజంగా పుట్టారని కాదు. బడిలో చేర్చేటప్పుడు హెడ్మాస్టరు "బిడ్డ ఎప్పుడు పుట్టినాది?" అంటే, "ఏమో సార్, శెనక్కాయ పీకేటప్పుడు" అంటారు తల్లిదండ్రులు. ఆయన జూలై ఒకటి వేసుకొని పంపేస్తాడు. నేను కార్తీకంలో పుట్టానని మా అమ్మ ఒట్టేసి చెబుతుంది, సర్టిఫికెట్లో నాదీ జూలై ఒకటే. అలాంటిది, ఇంతమంది కట్టగట్టుకొని జనవరి ఏడుకు ఎలా మారారు?

అప్పుడు నవ్వు ఆగిపోయింది. మనం తారీఖు ముందు, నెల తర్వాత రాస్తాం. పాత డేటాబేస్‌లో నేను తేదీలను అలాగే, మామూలు అక్షరాలుగా దాచాను. ఒకటి, ఏడు అని ఉంటే జూలై ఒకటని మా సాఫ్ట్‌వేర్‌కు తెలుసు. కొత్త దానికి తెలియదు, మనం చెప్పాలి. సాయి చెప్పలేదు. అది అమెరికా పద్ధతిలో మొదటి అంకెను నెల అనుకుంది. పదమూడో తారీఖు నుంచి పైవి ఆ పద్ధతిలో ఇమడవు, ఎందుకంటే పదమూడో నెల లేదు. అక్కడ అది మొండికేసి ఎర్రర్ ఇచ్చి ఉంటే ఎంత బాగుండేదో! వీడు తెలివిగా, ఇమడకపోతే తిప్పి చదువుకో అని రాసిపెట్టాడు. అందుకని పదమూడు నుంచి పై తేదీలన్నీ సరిగ్గా ఎక్కాయి, పన్నెండో తారీఖు లోపలివన్నీ గప్‌చుప్‌గా తారుమారయ్యాయి. ఒక్క ఎర్రర్ కూడా రాకపోవడమే అసలు రోగం.

పుట్టినరోజులు ఎటు పోతే ఏమి, ఎలాగూ దొంగవే. నన్ను కంగారుపెట్టింది వేరే తేదీ. చివరి నెలసరి తేదీ. దాని మీదే ఎన్నో నెలో, కాన్పు ఎప్పుడో సాఫ్ట్‌వేర్ లెక్క కడుతుంది. నాకు జ్యోతి గుర్తొచ్చింది. ప్రింటరు పాడైందంటే చూడ్డానికి పోయినప్పుడు ఆసుపత్రిలో నా పక్కన కూర్చున్న పిల్ల. ముదిగుబ్బ దగ్గర పల్లె, మొగుడు గొర్రెల వెంట ఊళ్ళు తిరుగుతాడు. మొదటి కాన్పు ఆపరేషన్. "ఎప్పుడు ఆగిందే?" అని నర్సు బయమ్మ అడిగితే, "పీర్ల పండగ అయిన మూడోనాడు ముట్టయినానక్కా, మళ్ళా కాలేదు" అంది. గోడ మీద క్యాలెండరు చూసి బయమ్మ జూలై తొమ్మిది అని కొట్టింది. పండగలను తేదీలుగా మార్చడంలో బయమ్మ గట్టిది. ఇప్పుడు కొత్త డేటాబేస్‌లో జ్యోతి తేదీ చూశాను. సెప్టెంబరు ఏడు.

బయమ్మకు ఫోన్ చేశాను.

"అక్కా, గొర్రెలోళ్ళ జ్యోతికి ఎన్నో నెల ఇప్పుడు?"

"ఎన్నో నెల ఏందమ్మా, నిండినాయి కదా! కడుపు కిందికి జారిపోయిండాది. పాత కుట్లు, నొప్పులు రాకముందే పిలిపించి ఆపరేషన్ చెయ్యాలన్నాది మేడమ్. ఎల్లుండి మీ కంప్యూటర్ లిస్టు ఇస్తే ఫోన్ చేయాల."

ఎల్లుండి మా కంప్యూటర్ ఇచ్చే లిస్టులో జ్యోతి ఉండదు. రెండు నెలల తర్వాత, జూన్‌లో పిలవమంటుంది. జ్యోతి ఒక్కతే అయితే బయమ్మకు నోటిమాటగా చెప్పేయొచ్చు. చెప్పాను కూడా. కానీ నెల మొదట్లో బయట చేరిన ప్రతి ఆడమనిషి లెక్కా తప్పింది. ఎవరిని ముందు పిలుస్తుందో, ఎవరిని మర్చిపోతుందో! నాకు భయం వేసింది. ఆ వెంటనే కోపం. ఈ తప్పు దిద్దడం నాకు కష్టమేమీ కాదు. తారీఖు ముందు అని స్పష్టంగా చెప్పి మొత్తం మళ్ళీ ఎక్కించాలి, ఈసారి అక్షరాలుగా కాక తేదీలుగానే దాచాలి, పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి సరిచూడాలి, బయమ్మను కూర్చోబెట్టుకొని అనుమానమున్నవి అడగాలి. ఆదివారం దాకా పడుతుంది. ముహూర్తం మాత్రం దాటిపోతుంది.

సాయంత్రం మా ఆయనకు చెప్పాను. సాయికి ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టాడు.

"వదినా, మీకు కొత్త డేటాబేస్ అలవాటు లేదు" అన్నాడు సాయి. "డిస్‌ప్లేలో అట్ల కనపడుతుంది అంతే."

"డిస్‌ప్లే కాదు సాయీ. సెప్టెంబరు నుంచి లెక్కేసి జూన్‌లో కాన్పు చూపిస్తోంది. ఆ పిల్లకు ఇప్పుడు నిండు నెలలు."

"ఏమో వదినా, చూడాల" అన్నాడు సాయి, గొంతు తగ్గించి.

ఫోన్ పెట్టేశాక మా ఆయన నా వైపు తిరిగాడు. "సరే, తప్పే అనుకో. రేపు పూజ కానిచ్చేద్దాం, తర్వాత నువ్వు మెల్లగా సరిజెయ్యి. మళ్ళా మంచి ముహూర్తం వైశాఖంలో గానీ లేదు. డాక్టరమ్మకు మాత్రం చెప్పాకు, పేరు పోతాది."

"ఎవరి పేరు?" అన్నాను.

"అదేం ప్రశ్నే? మన పేరు."

ఆ 'మన' విని నాకు ఒళ్ళు మండింది. నేను రాసినప్పుడు ఆయన పేరు, సాయి తప్పు చేసినప్పుడు మన పేరు. కానీ అరవలేదు. అరిస్తే "డేట్ దగ్గరికొచ్చింది, అందుకే చిరాకు" అంటాడు, పదేళ్ళుగా నా కోపాలన్నిటికీ ఆయన దగ్గర ఉన్నది ఆ ఒక్క మందే. అన్నం వండడానికి లేచాను. బియ్యం కడుగుతూ నిర్ణయించుకున్నాను.

శుక్రవారం పొద్దున్నే బయట చేరాను. కడుపులో నొప్పిగా ఉన్నా పూర్ణం పెట్టి ఓలిగలు చేశాను, పులిహోర కలిపాను. కింద ఆఫీసులో పంతులు మంత్రాలు మొదలుపెట్టాడు. ల్యాప్‌టాప్‌కు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టారు, పక్కన కొబ్బరికాయ. నాగలక్ష్మి గారు ముందు కుర్చీలో కూర్చుంది. మా ఆయన పట్టుపంచెలో మీట ముందు సిద్ధంగా ఉన్నాడు. నేను మెట్లు దిగి గడపలోకి వచ్చాను.

"ఏయ్, యాడికి? లోపలికి రావద్దు!" అంది అత్త గుసగుసగా, చేయి అడ్డం పెట్టి.

"నేను రాకపోతే ఎట్ల అత్తా, పని నాది" అన్నాను. ఆమె చేయి పక్కకు తీసి, లోపలికి నడిచాను. ఆకాశం ఊడి కింద పడలేదు. పంతులు మంత్రం మధ్యలో ఆపి నా వంక చూశాడు.

"మేడమ్, ఈ రోజు మార్చొద్దు" అన్నాను డాక్టరమ్మతో. "చివరి నెలసరి తేదీల్లో చాలా వాటికి తారీఖూ నెలా తారుమారు అయినాయి. మీ ముదిగుబ్బ జ్యోతికి ఇది జూన్‌లో కాన్పు అంటుంది."

ఆమె కుర్చీలోంచి సగం లేచింది. "జ్యోతికా? ఆమె పాత కుట్లు పల్చగా ఉండాయని నేనే రాసినా కదా! నొప్పులు మొదలైతే తల్లీ బిడ్డా ఇద్దరూ పోతారు."

"పాతది సరిగ్గానే ఉంది, దాన్ని ఆపకండి. కొత్తది సరిజేసి, బయమ్మక్కతో కూర్చొని సరిచూసి, ఆదివారం సాయంత్రం ఇస్తాను."

"ఏమప్పా మణిదీప్" అంది ఆమె, మా ఆయన వైపు తిరిగి. "నీకు తెలుసా ఇది?"

ఆయన ముఖాన చెమట పట్టింది. "నిన్న సాయంత్రం తెలిసింది మేడమ్. పూజ అయినాక చెప్దామని... నేనూ కల్పనా కలిసి రాసిందే కదా, చూసుకుంటాం."

"కలిసి రాయలేదు మేడమ్" అన్నాను. "రాసింది నేను. మొదటి నుంచీ నేనొక్కదాన్నే."

నాగలక్ష్మి గారు నన్ను కొంచెంసేపు చూసింది. ఆ రోజు ఈయన 'టైపింగ్ సాయం' అన్నప్పుడు నా చేతి కాఫీ తాగిన మనిషే కదా, అది ఆమెకూ గుర్తొచ్చినట్టుంది. "ఎనిమిదేండ్ల నుంచి ఏదన్నా ఆగిపోతే ఈయనకు ఫోన్ చేస్తాండా. అరగంటకు సరయ్యేది. నీ నంబరు చెప్పమ్మా" అని తన ఫోన్ తీసింది.

చెప్పాను. నాకు ఏడుపు తన్నుకొచ్చింది గానీ, అంకెలన్నీ సరిగ్గానే చెప్పాను.

డాక్టరమ్మ వెంటనే వెళ్ళిపోయింది. ఆసుపత్రిలో పనుందని భోజనానికి ఆగలేదు. పంతులు కొబ్బరికాయను మాత్రం కొట్టి దక్షిణ తీసుకున్నాడు. పైన విస్తర్లు వేశారు. మా ఆయన, మామ, పంతులు వరసగా కూర్చున్నారు. "నలుగుర్లో నా తల తీసేసినావు" అన్నాడు మా ఆయన పళ్ళ మధ్యనుంచి, నేను ఓలిగ మీద నెయ్యి వేస్తుంటే. "మైల గుడ్డలతో పూజలో అడుగుపెట్టినాది, అందుకే ఇంత రభస" అంది అత్త పక్కనుంచి. "మైలదాని చేతి ఓలిగ ఇంకోటి వెయ్యమంటారా అత్తా?" అన్నాను. పంతులుకు పొలమారింది.

అప్పుడే నా ఫోన్ మోగింది. అలవాటుగా మా ఆయన ఎడమచేయి చాచాడు. "ఆసుపత్రి నుంచేనా? ఇటియ్యి, నేను మాట్లాడతా."

"ఫోన్ నాకు" అన్నాను.

"నిన్న నువ్వు చెప్పినాక ఫోన్ చేసి రమ్మంటే జ్యోతి వచ్చేసిందమ్మా" అంటోంది బయమ్మ, ఆయాసపడుతూ. "ఆటోలోనే నొప్పులు మొదలైనాయంట, మేడమ్ ఆపరేషన్‌కు తీసుకున్నాది. బిడ్డ ఏడ్చేది ఈడికి వినపడుతాండాది. ఇంకెంతమంది ఉండారో పేర్లు చెప్పు, ఇప్పుడే ఫోన్లు చేస్తా."

మామ సాంబారు అడుగుతున్నాడు. నేను గరిటె మా ఆయన చేతిలో పెట్టి, ల్యాప్‌టాప్ తీసుకొని మేడ మీదికి ఎక్కాను. "రాసుకో అక్కా" అన్నాను.