చుట్టంగారి కోటు జేబు

మా ఆయన రోజూ మధ్యాహ్నం మా ఇంటికే చుట్టపుచూపుగా వస్తాడు. నవ్వకండి. పొద్దున్నుంచీ లోపలి గదిలో పడుకుని ఉన్న మనిషే. మాంసం ఉడికే వాసన తగలగానే కోటు తొడుక్కుని, టోపీ పెట్టుకుని, గుమ్మం దగ్గరకు వచ్చి గొంతు సవరించుకుంటాడు.

"ఇంట్లో ఎవరన్నా ఉన్నారామ్మా?"

మతిమరుపు జబ్బని డాక్టరమ్మ చెప్పింది. ఏదైతేనేం, దోసిమ్‌బెక్ అనే ఈ మనిషితో కాపురం చేసి పిల్లల్ని కన్న నన్ను పట్టుకుని "చెల్లెమ్మా" అంటాడు! మొదటిసారి ఆ మాట విన్నప్పుడు చేతిలో గరిటె జారి పొయ్యిలో పడింది. ఇప్పుడు నేనే సిగ్గూ ఎగ్గూ లేకుండా "రండి అన్నయ్యగారూ" అంటున్నాను.

అబ్బో, ఆ మర్యాదలు చూడాలి! గుమ్మానికి ఎదురుగా పెద్దలు కూర్చునే చోటు చూపిస్తే, "నాకెందుకమ్మా అంత గౌరవం" అంటూ చెప్పుల పక్కనే చతికిలబడతాడు. పెళ్లయిన నాటినుంచి ఆ చోటు ఇంకొకరికి వదిలిన పాపాన పోని మనిషి! చెయ్యి పట్టి లాక్కెళ్లి కూర్చోబెట్టాలి. పిండి రేకుల మీద మాంసం వేసి పెడితే, ఒక ముక్క నోట్లో వేసుకుని కళ్లు మూసుకుంటాడు.

"ఏం వండావు తల్లీ! నీ కడుపు చల్లగుండ!"

నాకు ఒళ్లు మండిపోతుంది. అదే చెయ్యి, అదే కుండ. ఇన్నేళ్లలో నా వంట గురించి ఆ నోట "ఉప్పు" అన్న మాట తప్ప ఇంకొకటి వినలేదు.

"మీ ఆవిడ వండదా అన్నయ్యగారూ?" అని ఒకరోజు అడిగేశాను.

అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఎవరితోనూ అనకు చెల్లెమ్మా. అది వండిన మాంసంతో చెప్పులు కుట్టించుకోవచ్చు."

పళ్లెం లాగేసుకుందామనిపించింది. ఆ పూటంతా గిన్నెల మీద కోపం చూపించాను. వంటను తిట్టినా పడతాను. కానీ ఆ తలలో అన్నీ చెరిగిపోతుంటే, నాకంటూ మిగిలింది ఆ చెప్పుల మాటేనా? అదే నన్ను తినేస్తూ వచ్చింది.

ఇది చాలదన్నట్టు ఆ కోటు ఒకటి. ఏ రోజు చూసినా జేబుల్లో మాంసం ముక్కలూ, వేయించిన రొట్టెలూ, చక్కెర బిళ్లలూ కలిసి ముద్దయి ఉంటాయి. తిన్నాక "వెళ్లొస్తానమ్మా" అని బయటపడి, ఇల్లు చుట్టి పెరటి గుమ్మం వైపు నడుస్తాడు. వెనకాలే వీధికుక్కలు. పక్కింటి కపీజా గోడ మీంచి కేకేస్తుంది: "ఒసే ఉల్మెకెన్, మీ ఆయన ఊరేగింపు బయల్దేరింది, చూసుకో!" నేను పరుగెత్తుకెళ్లి, పెరటి గుమ్మం దగ్గర ఆయన్ని పట్టుకుని, జేబులు దులిపి కుక్కలకు వేసి, లోపలికి తెచ్చుకుంటాను. ఆ తర్వాత నూనె మరకలతో కుస్తీ.

నిన్న కళ్లారా చూశాను. అన్నిటికంటే మంచి ముక్క తీసి, నేను చూడడం లేదనుకుని జేబులో కుక్కుకుంటున్నాడు.

"ఏంటండీ అది అన్నయ్యగారూ?"

దొంగతనం చేస్తూ దొరికిన పిల్లాడిలా ఎర్రబడ్డాడు. "కోప్పడకు చెల్లెమ్మా. సర్కిత్."

"విందుకొచ్చినవాళ్లు ఇంట్లో ఉండిపోయినవాళ్లకి సర్కిత్ అని నాలుగు ముక్కలు పట్టుకెళ్లాల్సిందే, నేను కాదన్నానా? అడిగితే మూటకట్టివ్వనూ! జేబులో కుక్కుకుంటారా ఎవరన్నా? ఇంతకీ ఎవరికి?"

"ఎవరికేంటమ్మా, మా ఉల్మెకెన్‌కి! నేనెళ్లేదాకా ముద్ద ముట్టదు పిచ్చిది. రోజూ పట్టుకెళ్తాను, ఇంట్లో అడుగుపెట్టేసరికి జేబు ఖాళీ! ఏ దొంగముండ కొట్టేస్తోందో!"

ఆ దొంగముండను నేనే. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. కుక్కలు తిన్నదంతా నా వాటా!

శుభ్రమైన గుడ్డలో మాంసం మూటకట్టి చేతికిచ్చాను. ఆయన అరచేతులు చాచి, అల్లా ఈ ఇంటికి మేలు చేయాలని దీవించి, ముఖం తడుముకుని బయలుదేరాడు. నేను తలగుడ్డ మార్చుకుని ఒక్క ఉరుకులో పెరటి గుమ్మం చేరి, ఏమీ ఎరగనట్టు మెట్టు మీద కూర్చున్నాను. కుక్కల్ని అదిలిస్తూ వచ్చాడు.

"ఏమే, తిన్నావా?"

ఏమే! ఎన్నాళ్లకు విన్నాను ఆ పిలుపు!

"మీరు రాకుండా ఎలా తింటానండీ?" అన్నాను. వండుతూ వండుతూ గొంతుదాకా తినేశాననుకోండి, అది వేరే సంగతి.

మూట విప్పి, ఒక ముక్క తుంచి నా నోట్లో పెట్టాడు. నిజం చెప్పొద్దూ, ఆ రుచి నా వంటలో ఏనాడూ ఎరగను. నాకింత ఇచ్చినందుకు ఆ పూట అల్లాకు మనసారా మొక్కుకున్నాను.

"బాగుందా? మంచి మనిషే ఆవిడ," అన్నాడు పక్కన కూర్చుంటూ. "పాపం, ఎప్పుడెళ్లినా మొగుడు మాత్రం ఇంట్లో కనపడడు. ఎక్కడ తిరుగుతుంటాడో వెధవ!"

ఆయన గడ్డానికంటిన నూనెను తలగుడ్డ కొసతో తుడిచాను.

"అంత మాట అనకండి. అప్పుడప్పుడు వస్తుంటాడు లెండి," అన్నాను. "వచ్చినప్పుడు మాత్రం ఉత్తచేతుల్తో రాడు."