నీడపట్టు

“ఎండన పడి పనిచేసేవోళ్లకి ఆ జబ్బు రాదంటనే. నా కొడుకుని నీడపట్టున కూకోబెట్టింది నువ్వే కదా!”

మరిది క్యారేజీలో లక్ష్మీదుర్గ అన్నం సర్దుతుండగా అత్తగారు వీరాయమ్మ అన్న మాట ఇది. లక్ష్మీదుర్గ భర్త అంజిబాబు పోయి ఏడు నెలలైంది. ఆ ఇంట్లో ఈ మాట రోజుకోసారైనా వినపడకపోతే పొద్దు గడవదు.

నీడపట్టున కూచోబెట్టిందన్న దాంట్లో అబద్ధమేమీ లేదు, అదే బాధ. అన్నదమ్ములిద్దరూ ఉప్పలగుప్తం దగ్గర రొయ్యల చెరువుల మీద మేత చల్లేవారు. ఓ వేసవిలో అంజిబాబు వడదెబ్బకి గట్టు మీదే పడిపోతే, లక్ష్మీదుర్గ పోరు పెట్టి, అలిగి, అన్నం మానేసి మరీ అతన్ని మేతల గోడౌన్‌లో కుర్చీ ఉద్యోగానికి పంపింది. ఆరేళ్లకి ప్రోస్టేట్ క్యాన్సర్ బయటపడింది. అప్పటికే ఎముకలకి పాకిపోయింది. ఎండలో పనిచేసే మగవాళ్లకి ఆ క్యాన్సర్ తక్కువని ఎవరో ఫోన్లో వీడియో పంపారు. చాలదూ? ఆ రోజు నుంచి హంతకురాలు ఈవిడే.

కాకినాడలో డాక్టరుగారిని అడగనే అడిగింది. “ఎండ మంచిదని కొందరన్నారు, సంబంధం లేదని కొందరన్నారు. ఏదీ తేలలేదమ్మా. మీరు తొందరగా వచ్చుంటే బాగుండేది. ఆయన తమ్ముడికి మాత్రం రక్తపరీక్ష చేయించండి” అన్నారాయన. ఇంటికొచ్చి చెబితే మరిది సూరిబాబు పగలబడి నవ్వాడు. “నాకెందుకొస్తాది వదినా? పొద్దుగూకులూ చెరువు మీదే కదా నేను!”

తొందరగా వచ్చుంటే. అత్తగారి మాటకి ఏడ్చి ఊరుకోవచ్చు, ఈ మాటకి ఏడుపు కూడా రాదు. ఎందుకంటే రెండేళ్ల ముందే అంజిబాబు లుంగీ మీద నెత్తుటి మరకలు చూసింది. “ఎవరికీ చెప్పకే, పరువు పోతాది” అన్నాడు. చెప్పలేదు. అందరికన్నా ముందు లేచి ఉతికి, తీగ మీద తన చీర కింద దాచి ఆరేసింది. ఆ విద్య పదమూడో ఏట అమ్మ నేర్పింది, నెలసరి గుడ్డలు మగవాళ్ల కంట పడకూడదని. ఎంత బాగా నేర్చుకుందంటే, ఒక మనిషి చావుని కూడా రెండేళ్లు ఎవరి కంటా పడనివ్వలేదు. ఇప్పుడు పెరట్లోకి వెళ్తే చాలు, అంజిబాబు వెనకాల నిలబడి ఉన్నట్టే ఉంటుంది. చెప్పకే, అంటాడు. ఆమె పనులు చేసుకుంటూనే ఉంటుంది.

క్యారేజీ మూత బిగించి, తోడికోడలు అనురాధకి ఇద్దామని పెరట్లోకి వెళ్లింది. అనురాధ బట్టలారేస్తోంది. ఎర్రచీర రెండు మడతలుగా వేసింది. దాని అడుగు నుంచి గళ్ల లుంగీ అంచు కనబడుతోంది.

లక్ష్మీదుర్గ చీర ఎత్తి చూసింది. ఉతికినా పోని మరక.

“ఎన్నాళ్లయింది?”

“నాలుగు నెలలక్కా.” అనురాధ చీర అంచు మళ్లీ కిందికి లాగింది. “ఎవరికైనా చెప్తే ఊరుకోనన్నారు. మీరు చూడనట్టే ఉండండి, మీకు దణ్ణం పెడతాను.”

వెనకనించి మళ్లీ ఆ గొంతు. చెప్పకే. ఈసారి భయం కన్నా కోపమే ముందొచ్చింది. పోయినవాడి మీద, వాడి పరువు మీద, దాచిపెట్టిన తన చేతుల మీద.

చీర లాగి అనురాధ భుజాన వేసింది. లుంగీని తీగ మీద బారుగా పరిచి, అరుగు వైపు తిరిగి పిలిచింది.

“అత్తయ్యగారూ, ఓసారి ఇలా రండి.”

వీరాయమ్మ విసుక్కుంటూ వచ్చింది. మరక చూసి ఆగిపోయింది.

“ఇది మీ చిన్నబ్బాయిదండి. రోజంతా ఎండలో ఉండే అబ్బాయిది. రేపు కాకినాడ తీసుకెళ్తున్నాం. మీ పెద్దబ్బాయి లుంగీలు ఇలాగే రెండేళ్లు ఉతికి దాచేనండి. నీడ కాదు అత్తయ్యగారూ, నేను నోరు మూసుకున్నానండి.”