వెలుగు వెంట నడిచిన బల్ల

కిటికీ మూయించింది మేనేజరే. అందులో రెండో మాట లేదు. గోడకి అవతల జనరేటరు పెట్టించి, పొగ లోపలికి వస్తోందని ఇటుకలు పేర్పించాడు. లాండ్రీలో ఇస్త్రీ చేసే ఆయన, పెట్టె వేడెక్కేలోపు రోజూ ఆ ఇటుకల వంక ఓసారి చూసి మొహం తిప్పుకుంటాడు. ఆ ఉదయమూ అంతే.

అది ఆసుపత్రి లాండ్రీ. ఆయన భార్య అక్కడే దుప్పట్లు మడతపెడుతుంది. కూతురు జ్వరంతో పోయినప్పటి నుంచి ఆవిడకు గుండెదడ. ఉన్నట్టుండి ఊపిరాడక గోడ పట్టుకుని జారిపోయేది. మందులు నిద్ర తెచ్చాయి గానీ దడను తీసుకుపోలేదు. ఎవరు నేర్పారో తెలియదు, దడ మొదలవగానే కిటికీ దగ్గర నిలబడి కనిపించినవన్నీ మెల్లగా పేరుపెట్టి చెప్పుకునేది. తడిసిన గోడ. పిల్లి. తీగ మీద నీటిబొట్టు. చెప్పుకుంటూ ఉంటే ఊపిరి దారిన పడేది. అందుకే కిటికీ మూసిన రోజు ఆయన భయపడ్డాడు. ఇక ఈ మనిషి దక్కదనుకున్నాడు.

ఆవిడ కొన్నాళ్ళు ఇటుకలనే చూసింది. తర్వాత పైకప్పు కింద అరచేయంత గాజుపలక ఉందని కనిపెట్టింది. అందులోంచి ఎండ ముక్క ఒకటి దిగి, గోడ పొడుగునా పాకి, సాయంత్రానికి తలుపు దగ్గర ఆరిపోతుంది. ఆవిడ తన బల్లను దాని వెంట జరపడం మొదలుపెట్టింది. దుప్పటిని ఎండలో పరిచి, అరచేత్తో నిమిరి, వాసన చూసి, అప్పుడు అంచులు కలిపేది. అయినా ఆవిడ పని ఏనాడూ వెనకబడలేదు. ఆవిడ మళ్ళీ గోడ పట్టుకుని జారిపోనూ లేదు. అలా వెలుగు వెతుక్కునే ధైర్యం తనకు లేదని ఆయనకు తెలుసు. 

బట్టలు ఉతికే మిషను నడిపేవాణ్ణి అందరూ నురగ అంటారు. వాడు ఆవిడను అక్క అంటాడు కాబట్టి ఆయన బావ అయ్యాడు. బల్ల కాళ్ళు నేల మీద కీచుమన్నప్పుడల్లా వాడికి సరదా.

"బావా, అక్క బల్లకి టికెట్టు కొట్టు. తలుపు దాకా వెళ్తుందట."

ఆయన నవ్వలేదు. ఆ చప్పుడుకి తల పగిలిపోతోందని విసుక్కుని, చిరిగిన దుప్పటి చింపి బల్ల కాళ్ళకు గుడ్డలు చుట్టాడు.  ఆ పూట ఆవిడ ఆయన గ్లాసులో టీ కాస్త ఎక్కువ పోసింది.

ఆ ఉదయం ఆవిడ బాగానే ఉంది. ఎండలో తేలుతున్న నూలు పొట్టును వేలితో కదిపింది.

"ఏమయ్యా, నీకేం కనిపిస్తోంది?" రోజూ అడిగేదే.

"దుప్పట్లు." రోజూ చెప్పేదే.

"తల దించుకుంటే దుప్పట్లే కనిపిస్తాయి. ఓసారి ఎత్తి చూడు. లోపల కెలుకుతున్నది కాస్త సర్దుకుంటుంది. నీకూ ఉందిగా."

"నాకేం లేదు. నీ పని చూసుకో."

ఆవిడ నవ్వి బల్ల జరుపుకుంది. చప్పుడు కాలేదు.

భోజనాలయ్యాక దుప్పట్ల పెద్ద గుట్టే వచ్చింది. ఆయన తల వంచి ఇస్త్రీ పెట్టె లాగుతూనే ఉన్నాడు. ఆవిరి, వేడి నూలు వాసన, మిషను రొద. పొద్దు వాలుతుండగా, ఎందుకో ఉదయం ఆవిడ అన్న మాట బుర్రలో తిరిగింది. ఎవరూ చూడ్డం లేదు కదా అని తలెత్తాడు.

ఎండ ముక్క తలుపు దగ్గరికి చేరింది. అక్కడ ఊడబోతున్న సున్నం పెచ్చు ఒకటి పూరేకులా మెరుస్తోంది. ఇన్నేళ్ళలో ఆయన దాన్ని చూడలేదు. చెబుదామని ఆవిడ వైపు తిరిగాడు.

బల్ల ఎండ దగ్గర లేదు. సగం దారిలో, నీడలో ఆగిపోయి ఉంది. ఆవిడ దాని మీద చెంప ఆనించి ఉంది. అరచేయి దుప్పటి మీద పరిచే ఉంది. ఇస్త్రీ పెట్టె నిలబెట్టి, వెళ్ళి ఆ చేయి పట్టుకున్నాడు. చల్లగా ఉంది. నురగ మిషను ఆపేశాడు. గుండె ఆగి చాలాసేపయిందని పరుగున వచ్చిన డాక్టరమ్మ చెప్పింది.

ఆయన మళ్ళీ పనిలోకి వచ్చిన నాడు మేనేజరు స్వయంగా వచ్చాడు. ఇటుకలు తీయించి కిటికీ పెట్టిస్తానన్నాడు. ఆవిడ చాలా మంచి మనిషని కూడా అన్నాడు. ఆయన ఇస్త్రీ ఆపలేదు.

"అక్కర్లేదు సార్. కిటికీ ఊసు, ఆవిడ ఊసు ఇంకెప్పుడూ నా దగ్గర ఎత్తొద్దు. నేనూ ఎత్తను."

ఎత్తలేదు. మడతలకు వచ్చిన కొత్త మనిషి బల్ల జరపబోతే మాత్రం చేయి అడ్డం పెట్టాడు. కాళ్ళకు గుడ్డలతో అది ఆగిన చోటే ఉంది. మధ్యాహ్నం ఎండ ముక్క వచ్చి, దాని మీద కాసేపు ఉండి, ఒక్కటే తలుపు వైపు వెళ్ళిపోతుంది.