పటేలు తల కొలత

నిజాం రాజ్యంలో, ఫసలీ 1353 చలికాలంలో బీదర్ నుంచి నారాయణఖేడ్ కచేరీకి ఒక హుకుం వచ్చింది. లడాయిలో ఉన్న సిపాయిల కోసం నూట ఇరవై ఉన్ని టోపీలు రెండు నెలల్లో పంపాలి. టోపీలు ఊరి ఆడవాళ్ళు అల్లాలి. అల్లడానికి చట్రాలు, పనిముట్లు ఎంచేందుకు ఒక కమిటీ ఉండాలి.

కమిటీలో ఇద్దరున్నారు. ఒకరు పటేలు వీరప్ప, రెండో ఆయన కచేరీలో భూముల లెక్కలు చూసే గిర్దావర్. తహసీల్దార్ దౌరాలో ఊళ్ళు తిరుగుతున్నాడు కాబట్టి ఆయన సంతకానికి కాగితం మీద జాగా వదిలారు. ఉన్న ఇద్దరిలో టోపీ అల్లడం ఎవరూ చూడలేదు.

ఊళ్ళో అల్లేది అమృతమ్మ ఒక్కతే. మిషన్ బడిలో చదివింది. చిన్నప్పుడు కుడిచెయ్యి కాలి మూడు వేళ్ళు వంగకుండా అయ్యాయి. సూదులు పట్టలేదని బడిలోని మేమ్‌సాబ్ స్వదేశం పోతూ తన చట్రం ఇచ్చి పోయింది. అది కొయ్య వలయం. దాని అంచున ముప్పై ఆరు మేకులుంటాయి. మేకు మేకుకూ దారం చుట్టి, పైన మరో చుట్టు వేసి, కింది చుట్టును కొక్కెంతో మేకు తల మీదుగా దాటించాలి. అల్లిక వలయం నడుమ నుంచి కిందికి దిగుతుంది. కొక్కెం పట్టడానికి రెండు వేళ్ళు చాలు. కొక్కేన్ని అమృతమ్మ గొడుగు పుల్లతో చేసుకుంది.

కలుపుకు, కోతకు ఆమెను ఎవరూ పిలవరు. అది కొడవలి పట్టే చెయ్యి కాదు. చలికాలం నాలుగు నెలలు టోపీలు సంతలో అమ్మి, తనకూ అత్తకూ ఏడాదికి సరిపడా జొన్నలు కొనేది.

కమిటీ ఆమెను చట్రంతో సహా పిలిపించింది. ఆమె కచేరీ మెట్టు కింద నిలబడింది. చట్రం మాత్రం పైకి పోయింది. వడ్రంగి ఈరయ్య దాన్ని కొలిచి, చుట్టు ఇరవై నాలుగు అంగుళాలని చెప్పాడు.

"గింత చిన్నదా?" అన్నాడు పటేలు. "సర్కారుకు పంపే సామాను గిట్లుంటదా? కట్టె గూడ తేలిగ్గుంది."

"ఒళ్ళె పెట్టుకుని అల్లాలె పటేలా. తేలిగ్గుంటేనే మంచిది" అంది అమృతమ్మ.

"నిన్నడగలే. మా దొడ్ల టేకు దుంగ ఉన్నది ఈరయ్యా. దాంతోని చెయ్యి."

కర్ర సంగతి అలా తేలింది. తర్వాత మేకుల సంగతి వచ్చింది. తలుపులకు కొట్టే ఇత్తడి బుడిపె మేకులు కావాలన్నాడు గిర్దావర్. బీదర్ నుంచి సాబులు తనిఖీకి వస్తే మెరవాలి.

"బుడిపె మీదికెళ్లి దారం దాటది సాబ్" అంది అమృతమ్మ.

"మా దర్వాజకు అవ్వే కొట్టిచ్చిన" అన్నాడు పటేలు. "నలభై ఏండ్లాయె. ఒక్కటి ఊడలే."

ఇద్దరూ ఒప్పుకున్నారు. ఈరయ్య తల ఊపాడు. తర్వాత ఇంటి దగ్గర ఆకురాయితో బుడిపెలన్నీ అరగదీశాడు. కమిటీ మేకులను లెక్క పెట్టింది కానీ వాటి తలలు చూడలేదు.

ఇక మిగిలింది చుట్టు కొలత. దానికి ఒక తల కావాలి. ఈరయ్య తన తల చూపబోయాడు.

"వడ్రంగోని తల కొలిచి సర్కారుకు రాస్తమా?" అన్నాడు గిర్దావర్. "పటేల్ సాబ్ ఉండంగ ఇంకొకరి తల ఎందుకు?"

పటేలు కాదనలేదు. కుర్చీలో నిటారుగా కూచున్నాడు. ఆయన తలకు పన్నెండు గజాల రుమాలు పాగాగా చుట్టి ఉంది. ఈరయ్య తాడు పట్టుకుని నిలబడిపోయాడు. అమృతమ్మ వైపు చూశాడు.

"పటేలా, రుమాలు తీసి కొలిస్తే బరాబర్ వస్తది" అంది ఆమె.

ఖేడ్‌లో పెద్దమనుషులు నలుగురి ముందు రుమాలు తీసేది ఇంట్లో పీనుగ లేచినప్పుడే.

"మా ఇంట్ల ఎవరు సచ్చిండ్రే?" అన్నాడు పటేలు.

ఈరయ్య రుమాలు మీదనే తాడు చుట్టాడు. ముప్పై అయిదు అంగుళాలు వచ్చింది. ఆ లెక్కన చట్రానికి యాభై రెండు మేకులు పడతాయి. గిర్దావర్ రాసుకున్నాడు. అలాంటివి పన్నెండు చెయ్యమన్నారు. పన్నెండు మంది ఆడవాళ్ళకు అమృతమ్మ పని నేర్పాలన్నారు.

అమృతమ్మ తన చట్రం కోసం చెయ్యి చాపింది. గిర్దావర్ దానికి ఎర్రదారం కట్టి, లక్క పోసి, మొహరు కొట్టి బీరువాలో పెట్టాడు.

"సాబ్, అది నాది."

"నమూనా. ఇప్పుడు సర్కారుది."

"అది లేకుంటే సంతకు ఏం తీస్కపోవాలె? సంక్రాంతి దాటితే టోపీ ఎవలు కొంటరు?"

"మంచిగున్నది గాబట్టే పెట్టుకున్నం. పనికిరానిదైతే ఇప్పుడే ఇస్తుంటిమి" అన్నాడు గిర్దావర్. బీరువా తాళం జేబులో వేసుకున్నాడు.

ఆమె మిషన్ పాదిరి చేత ఉర్దూలో ఒక దరఖాస్తు రాయించింది. చట్రం మంచిదని, దాని మీద పదేళ్ళుగా అల్లుతున్నానని, అది తన బతుకని అందులో ఉంది. కచేరీ జవాబు మరుసటి వారం వచ్చింది. చట్రం మంచిదని దరఖాస్తుదారే ఒప్పుకున్నందున సర్కారు దాన్ని వదులుకోదు.

కొత్త చట్రాలు వచ్చాయి. ఒక్కొక్కటి రెండు సేర్ల బరువు. ఒళ్ళో పెట్టుకుంటే తొడలు తిమ్మిరెక్కాయి. ఆడవాళ్ళు వాటిని నేల మీద పెట్టి, చుట్టూ తిరుగుతూ అల్లారు. మొదటి టోపీ అయ్యాక కమిటీ చూడడానికి వచ్చింది. ఈరయ్య పెట్టుకున్నాడు. టోపీ గడ్డం దాకా దిగింది.

"ఏమన్న కనవడుతుందా?" అని అడిగాడు గిర్దావర్.

"లే సాబ్. వెచ్చగున్నది."

పటేలు దాన్ని తీసుకుని రుమాలు మీద పెట్టుకున్నాడు. ఎక్కడా వదులు లేదు.

"ఇగో, బరాబర్ ఉన్నది. నీ తలనే చిన్నది ఈరయ్యా."

టోపీ పాసయింది. నూట ఇరవై టోపీలు బండి మీద బీదర్ పోయాయి. పదిహేను రోజులకు అదే బండి మీద తిరిగి వచ్చాయి. వాటితో ఒక కాగితం ఉంది. "సంచులు అందినవి. అవి మాకు అవసరం లేదు. టోపీలు ఎప్పుడు పంపుతారు? తనిఖీకి అధికారి వచ్చే వారం వస్తారు."

గిర్దావర్ ఆ కాగితం మూడుసార్లు చదివాడు. సిపాయిలకు తిండి సరిగ్గా పెట్టడం లేదని, అందుకే తలలు చిక్కిపోయి ఉంటాయని పటేలు అన్నాడు.

ఆ సాయంత్రం అమృతమ్మ కచేరీకి వచ్చింది. ఈసారి దరఖాస్తు తేలేదు. మెట్టు కింద నిలబడి నోటితోనే చెప్పింది.

"సాబ్, నా చట్రం మంచిదని రాయిచ్చిన గదా. తప్పు రాయిచ్చిన. అది పనికొచ్చేది కాదు."

"ఏమైంది?"

"చిన్నగుంటది. బీదర్ సాబు బీరువా తెరుస్తడు. గీ చిన్నది, మీ పెద్దది పక్కపక్కకు పెట్టి చూస్తడు. ఇది చూసి అది ఎట్ల చేసిండ్రని అడుగుతడు. నా పాడు చట్రంతోని మీకెందుకు పరేషాన్?"

గిర్దావర్ బీరువా వైపు చూశాడు. తర్వాత పటేలు వైపు చూశాడు. పటేలు కిటికీ వైపు చూశాడు.

"నేను ఆ రోజే అన్న" అన్నాడు పటేలు. "గింత చిన్నది అని."

గిర్దావర్ తాళం తీశాడు. లక్క పగలగొట్టి, ఎర్రదారం విప్పాడు. రిజిస్టరులో ఆ నమూనాకు ఎదురుగా 'నాకాబిల్', అంటే పనికిరానిది, అని రాసి, ముట్టినట్టు ఆమె చేత వేలిముద్ర వేయించబోయాడు. ఆమె సంతకం పెట్టింది. చట్రం కొంగులో చుట్టుకుని ఇంటికి పోయింది.

తనిఖీ అధికారి వచ్చి, తేనీరు తాగి, కొత్త చట్రాలు చెయ్యమని చెప్పి పోయాడు. కమిటీ మళ్ళీ కూచుంది. ఈసారి ఎవరి తల కొలవాలన్న దగ్గర మాట ఆగింది. పటేలు తల ఉండగా మరొకరి తల కొలిస్తే మొదటి కొలత తప్పని ఒప్పుకున్నట్టవుతుంది. ఆ మాట తేలకముందే ఎండలు మొదలయ్యాయి. తిరిగొచ్చిన టోపీలు మాత్రం తనిఖీ అయిన మర్నాడే, ఇరవై గిర్దావర్ ఇంటికి, వంద పటేలు ఇంటికి పోయాయి.

మధ్యలో, చలి ఇంకా ఉండగానే, పటేలు భార్య బసమ్మ దొడ్డిదారిన అమృతమ్మ గుడిసెకు వచ్చింది. కొంగు ముడి నుంచి ఒక దారం తీసింది. దారం రెండు కొసల దగ్గర ముడులున్నాయి.

"గీ కొలతకు ఒక టోపీ కావాలె. ఎవలదని అడగకు."

అమృతమ్మ దారాన్ని తన చట్రం అంచున పరిచింది. చుట్టు తిరిగి రెండు అంగుళాలు తక్కువ పడింది.

"నేనేం అడుగుతలేనమ్మా."

"పండుకున్నప్పుడు రుమాలు ఉండదు గదా. తలకు సల్లగాలి కొట్టి ఒకటే దగ్గు. నిద్ర లేదు, నిద్ర పోనియ్యడు. ఎవలకన్న చెప్తివా, సూడు."

"చెప్ప. కమిటీ చట్రం మీద అల్లమంటరా అమ్మా, నా పాడు చట్రం మీద అల్లమంటరా?"

బసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నీదాని మీదనే అల్లు. మిర్చి పోస్కుంటందుకు సంచులు మా ఇంట్ల వంద ఉన్నయి."