మాల్‌సూన్ అక్క మీద నా విమర్శ

దేశం దాటి వచ్చిన రాత్రి కూడా నేనింత తెలివితక్కువ పని చెయ్యలేదు. దక్షిణ కొరియాలోని ఇంచియాన్‌లో కిమ్చీ పచ్చడి కార్ఖానాలో చేరిన రెండో నెల, శనివారం మీటింగులో మేనేజరు, "ఎవరైనా ఏమైనా చెప్పాలంటే మొహమాటపడకుండా చెప్పండి" అన్నాడు. అందరూ తలలు దించుకున్నారు. నేను లేచి నిలబడ్డాను.

ఉత్తర కొరియాలో నలభై ఏళ్ళు బతికినదాన్ని. అక్కడ వారం వారం మీటింగు పెట్టి ఇదే పని. ముందు మన తప్పు ఒప్పుకోవాలి, తర్వాత పక్కవాళ్ళ తప్పు ఒకటి ఎత్తిచూపాలి. గిట్టనివాళ్ళ నోట పడితే కొంప మునుగుతుంది. అందుకని ప్రాణస్నేహితులం ముందే కూడబలుక్కుని, ఒకరి మీద ఒకరం చిన్నచిన్నవే చెప్పుకునేవాళ్ళం.

"సోమవారం ముల్లంగి ముక్కలు లావుగా కోశాను. తప్పే" అన్నాను. అక్కడితో ఊరుకుంటే నేనెందుకవుతాను? "మాల్‌సూన్ అక్క భోజనం నుంచి ఐదు నిమిషాలు ఆలస్యంగా వస్తోంది. దిద్దుకోవాలి."

బస్సు కార్డు వాడడం దగ్గర్నుంచీ నాకు అన్నీ నేర్పిన మనిషి మాల్‌సూన్ అక్క. నా యాసకి నవ్వకుండా పక్కన కూర్చుని తిన్నది ఆవిడొక్కతే. అంత ప్రేమ కాబట్టే ఆవిడ పేరు చెప్పాను. పైగా, మెచ్చుకుంటాడేమోనని మేనేజరు వైపు చూశాను కూడా.

ఆ పూట నుంచి అక్క వేరే బల్ల దగ్గర తినడం మొదలుపెట్టింది. నాలుగు రోజులు నాకు ముద్ద దిగలేదు. ఐదో రోజు వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను.

"చిన్నదే కదా అక్కా చెప్పింది! నువ్వు ఉప్పు బస్తాల వెనక కునుకు తీస్తావని చెప్పానా?"

నా గొంతుకి మైకు అక్కర్లేదు. పక్క బల్ల దగ్గర మేనేజరు ఏమీ విననట్టు గబగబా సూప్ తాగేశాడు.

అక్క లేచి నిలబడింది. "నీ తప్పులు నేను చెప్పనా? ఒళ్ళు కాలిపోతున్నా సెలవడగవు. కోటు కొనుక్కోకుండా రెండు చొక్కాలేసుకుని వణుకుతావు. మిగిలిన అన్నం సంచిలో దాస్తావు. పండక్కి చుట్టాలింటికెళ్ళానన్నావు, ఈ దేశంలో నీకు చుట్టాలెవరే?"

సిగ్గుతో చచ్చిపోవాలి నిజానికి. కానీ ఇక్కడ నన్నెవరూ ఇంతగా పట్టించుకోవట్లేదనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. అందరి ముందూ భోరున ఏడ్చేశాను.

"ఇంకా బోలెడున్నాయి" అంది అక్క, నా ఎదురుగా కూర్చుంటూ. "ముందు తిను. చెబుతా."