కలకండ కరిగిన బేరం

మా తమ్ముడు హెబ్రోను తన గుమ్మడికాయను తానే నలభై రూపాయలకు కొనుక్కున్న సంగతి కోవూరులో అందరికీ తెలుసు.

మా క్రైస్తవుల కోత పండుగకు ఒక పద్ధతి ఉంది. ఎవరి చేలో పండింది వాళ్లు మందిరానికి తెచ్చి దేవుని ముందు పెడతారు. వడ్లు, కోళ్లు, అరటి గెలలు, గుమ్మడికాయలు. ఆరాధన అయ్యాక పాస్టరు అయ్యగారు వాటిని వేలం వేస్తారు. ఆ పాటలో తగ్గించి అడగడమనేది ఉండదు. రూపాయి కాయను ఐదుకు పాడితే అందరూ సంతోషిస్తారు, పదికి పాడితే చప్పట్లు కొడతారు. పోటీకి ఎవరూ రాకపోతే తన పాట మీద తానే పాడుకోవచ్చు. గెలిచాక "నా తరఫున మళ్లీ పాటకు పెట్టండి" అని వస్తువును తిరిగి ఇచ్చేస్తే ఇంకా గొప్ప. ఆ ఏడాది హెబ్రోను తన చేని గట్టున కాసిన కాయను తెచ్చిపెట్టి, తానే పాడి, గెలిచి, తిరిగి ఇచ్చి, మళ్లీ తానే పాడి ఇంటికి తెచ్చుకున్నాడు. మా మరదలు ప్రేమలీల వారం రోజులు దాన్ని కొయ్యలేదు. నలభై రూపాయల కాయ మీద కత్తి పెట్టడానికి చెయ్యి రాలేదంది.

అట్లాంటివాడు కారు కొనడానికి బయలుదేరాడు.

పదేళ్లు నెల్లూరు, మైపాడు బస్సు నడిపాడు వాడు. ఒకరి బండి ఎన్నాళ్లు తోలుతాను, సొంత కారుంటే పెళ్లిళ్లకు అద్దెకిస్తాను, ఒక్క పెళ్లికి నెల జీతం వస్తుంది అని పట్టుపట్టి, ఉన్న నాలుగెకరాల్లో మూడు అమ్మేశాడు. పన్నెండు వేలు చేతికొచ్చాయి. మిగిలిన ఎకరం వాళ్ల తిండిగింజలు పండే ఎకరం. కారు ధర పన్నెండు వేలు దాటితే అదీ అమ్మాలి. అది పోతే ప్రేమలీల నలుగురు పిల్లలను పెట్టుకుని బియ్యం కొనుక్కుని తినాలి.

అందుకే ఆమె మైపాడు వచ్చి నా ఇంట్లో కూర్చుంది. "వదినా, కారు ఆయన తోలనీ. బేరం మాత్రం నువ్వు చెయ్యి. ఆయన నోరు తెరిచినాడంటే మా ఎకరం పోయినట్టే," అంది.

మా ఆయన పోయినప్పటి నుంచి నేను రేవులో చేపలు కొని నెల్లూరులో అమ్ముకుంటున్నాను. పదిహేనేళ్ల నుంచి అదే పని కాబట్టి అడిగిన ధర ఇచ్చి ఏదీ కొనలేదు. కారు బేరం ఎప్పుడూ చేయలేదు గాని, చేపకంటే పెద్దది, నీళ్లలో ఈదదు, అంతే కదా అనుకుని ఒప్పుకున్నాను.

కారు గూడూరులో ఉంది. పద్మనాభయ్య గారని మైకా గనుల యజమాని, అమెరికా నుంచి ఓడ మీద తెప్పించుకున్నాడట. మద్రాసు హార్బరు నుంచి గూడూరుకు వచ్చిందే దాని ప్రయాణం. ఆ తర్వాత షెడ్డులోంచి కదలలేదు. కొత్త కారు ఎందుకు అమ్ముతున్నాడో మాకు చివరికి గాని తెలియలేదు. చదివేవాళ్లకు తికమక లేకుండా ఆ సంగతి ఇక్కడే చెప్పేస్తాను.

కారు ఇంటికొచ్చిన రోజే గనిలో నీళ్లు తోడే ఇంజను పగిలింది. ఆ సాయంత్రమే ఆయన అత్తగారు రెండు ట్రంకుపెట్టెలతో దిగి, మూడు నెలలైనా కదలలేదు. పద్మనాభయ్య గారు జ్యోతిష్కుణ్ణి పిలిపించాడు. కారుకు దోషముంది, అమ్మేయాలి, నష్టానికే అమ్మాలి, లాభం మాట ఆ కారు దగ్గర వినబడినా దోషం రెట్టింపు అవుతుంది అని ఆ జ్యోతిష్కుడు చెప్పాడు. కారు పడింది పద్నాలుగు వేలు. నష్టం రావాలి, కాని ఎక్కువ రాకూడదు అనుకుని ఆయన పదమూడు వేల తొమ్మిది వందలకు అమ్మకానికి పెట్టాడు.

ఇవేవీ తెలియకుండా నేనూ హెబ్రోనూ రైలెక్కాము. నా చేపల తట్ట వెంట తెచ్చుకున్నాను. తట్ట లేకుండా బేరానికి పోవడం నాకు అలవాటు లేదు. పన్నెండు వేలూ గుడ్డలో మూటకట్టి అందులోనే పెట్టి, పైన తలమీద పెట్టుకునే గుడ్డ చుట్టకుదురు పెట్టాను. ఆ వాసనకు పెట్టెలో మా పక్కన ఎవరూ కూర్చోలేదు. ఇక దొంగలెక్కడి నుంచి వస్తారు.

గేటు దగ్గర హెబ్రోను నోట్లో ఒక కలకండ ముక్క పెట్టాను. నిమ్మకాయంత ముక్క. అది కరిగేదాకా మాట్లాడకూడదని బైబిలు మీద చెయ్యి వేయించి ప్రేమలీల ముందే ఒట్టు పెట్టించుకుంది. వాడి దవడ ఒకవైపు ఉబ్బింది.

పద్మనాభయ్య గారు మంచి మనిషే. పట్టు అంచు పంచె, చెవులకు రవ్వల కమ్మలు. పక్కన ఆయన మేనేజరు విజయభాస్కర్, ప్యాంటు వేసుకుని. షెడ్డు తలుపులు తీసి కారు చూపించారు. నేరేడుపండు రంగు, పైకప్పు తెలుపు. మా వీధిలో నిలబెడితే ముందు చక్రాలు మా గడపలో, వెనక చక్రాలు పక్కింటివాళ్ల గడపలో ఉంటాయి. సీట్లకు చుట్టిన కాగితం ఇంకా విప్పలేదు. హెబ్రోను కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను వాడి కాలు తొక్కాను. కొనేవాడు ఏడిస్తే ధర తగ్గదు.

నాకు తెలిసిన పద్ధతిలోనే చూడడం మొదలుపెట్టాను. చేపకు ముందు మొప్పలెత్తి చూస్తాము కాబట్టి ముందున్న మూత ఎత్తమన్నాను. ఎత్తారు. లోపల ఎరుపు ఎక్కడా లేదు, అంతా నలుపు. తల ఊపి పెదవి విరిచాను. తర్వాత పొట్ట నొక్కి చూశాను. గట్టిగానే ఉంది. చివరికి వాసన చూశాను. మేనేజరు నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. "ఏందమ్మా, ఏమన్నా చెడిపోయిందా?" అని పద్మనాభయ్య గారు భయంగా అడిగాడు.

"ఇంకా లేదయ్యా. నిలవ సరుకు కదా, ఎన్నాళ్లుంటుంది," అన్నాను.

ధర అడిగితే పదమూడు వేల తొమ్మిది వందలన్నాడు. నేను తొమ్మిది వేలన్నాను. మేనేజరు నవ్వు ఆగిపోయింది. తట్ట నెత్తిన పెట్టుకుని గేటు వైపు నడిచాను. రేవులో అయితే ఏడో అడుగుకే వెనక్కి పిలుస్తారు, ఈయన తొమ్మిదో అడుగుకు పిలిచాడు. అట్లా మూడుసార్లు గేటు దాకా పోయి వచ్చాను. పదమూడున్నర అయింది, పదమూడు అయింది, పన్నెండున్నర అయింది. నేను తొమ్మిది నుంచి మెల్లగా పన్నెండుకు ఎక్కాను. అక్కడ నిలిచిపోయాము. ఐదు వందల దగ్గర ఆయన కదలడు, నేను కదలలేను.

నాలుగోసారి తట్ట ఎత్తుకుందామనుకుంటుండగా లోపలి నుంచి కాఫీలు వచ్చాయి. అక్కడే తప్పు జరిగింది. కలకండ గురించి ఆలోచించాను గాని కాఫీ గురించి ఆలోచించలేదు. హెబ్రోను ఉబ్బిన దవడతోనే గ్లాసు అందుకుని, వేడివేడిగా రెండు గుక్కలు తాగాడు. చూస్తుండగానే దవడ చదునైపోయింది.

సరిగ్గా అప్పుడే మేనేజరు, బేరం కదిలించడానికి అందరూ ఆడే అబద్ధమే ఆడాడు. రేపు మద్రాసు నుంచి ఇంకో పార్టీ వస్తోంది, వాళ్లు పదమూడు వేలు ఇస్తామన్నారు అన్నాడు.

ఇంకొకరి పాట చెవిన పడగానే మా తమ్ముడు ఎక్కడున్నాడో మరిచిపోయాడు. లేచి నిలబడ్డాడు. చొక్కా సర్దుకున్నాడు. మందిరంలో ఎట్లా పలుకుతాడో అదే గొంతుతో, "పద్నాలుగు వేలు," అన్నాడు.

ఎకరం వడ్లతో సహా నా కళ్ల ముందే కొట్టుకుపోయింది. కాని పద్మనాభయ్య గారి ముఖం నాకంటే తెల్లబడింది. పద్నాలుగంటే నష్టం లేనట్టే కదా. అదీ మావాడు కారు పక్కనే నిలబడి అన్నాడు.

"పద్నాలుగు వద్దయ్యా. పదమూడు చాలు," అన్నాడాయన.

కోత పండుగలో అయ్యగారు చాలదన్నట్టు చూస్తే ఇంకా పెంచాలి. హెబ్రోనుకు తెలిసింది అదొక్కటే. "పద్నాలుగున్నర."

"నీకు దణ్ణం పెడతా. పన్నెండున్నర."

"పదిహేను."

"లాభం మాట ఎత్తబాక నాయనా. పన్నెండు."

పన్నెండు అన్నప్పుడే నేను పట్టుకోవలసింది. మా రేవులో ఒక కట్టుబాటు ఉంది. అమ్మేవాడు చెప్పిన ధర దగ్గర ఎవరు తట్ట దించితే చేప వాళ్లది. ఆ తర్వాత అమ్మేవాడు గాని, కొనేవాడు గాని మాట మార్చడానికి లేదు. పదిహేనేళ్లలో ఎప్పుడూ నా తట్ట ఆలస్యం కాలేదు. కాని అమ్మేవాడు దిగుతుంటే కొనేవాడు ఎక్కడం నేను పుట్టి ఎరగను. నోరు తెరుచుకుని చూస్తూ నిలబడ్డాను. హెబ్రోను వెలిగిపోతున్న ముఖంతో పదహారన్నాడు. పద్మనాభయ్య గారు రెండు చేతులూ జోడించి, "పదకొండున్నర, పదకొండున్నర," అని రెండుసార్లు అన్నాడు.

తట్ట దించాను. కారు ముందు సీటు మీద, కాగితం మీదనే దించాను. దించి, "పదకొండున్నర వేలకు తట్ట దిగిందయ్యా. ఇంక మాట లేదు," అన్నాను.

ఆయనకు రేవు కట్టుబాటు తెలియదు గాని, మాట లేదన్నది అర్థమై పెద్దగా ఊపిరి వదిలాడు. అంతా అయిపోయిందనుకున్నాను. నా తమ్ముడి సంగతి నాకే ఇంకా పూర్తిగా తెలియలేదు. గెలిచిన సంతోషంలో వాడు చెయ్యి ఎత్తి, "అయ్యా, ఈ కారును నా తరఫున మళ్లీ పాటకు," అన్నాడు.

పెట్టండి అనేలోపు చుట్టకుదురు తీసి వాడి నోట్లో కుక్కాను.

"ఆయన ఇంకో మాట మాట్లాడకుండా చూడమ్మా. కావాలంటే పదకొండుకే తీసుకుపో," అన్నాడు పద్మనాభయ్య గారు.

నిజం చెబుతున్నాను, చుట్టకుదురు ఒక్క నిమిషం బయటికి తీద్దామా అనిపించింది. ఒక్కో మాటకు ఐదు వందలు తగ్గుతుంటే సాయంత్రానికి కారు ఊరికే వచ్చేటట్టుంది. కాని తట్ట దిగాక ధర మార్చడం కొనేవాళ్లకూ తప్పే. అదీగాక అంత పెద్దమనిషి చేతులు జోడించి నిలబడితే చూడలేకపోయాను. పదకొండున్నర వేలు లెక్కపెట్టి ఇచ్చాను. మేనేజరు నోట్లను రెండు వేళ్లతో పట్టుకుని చేపవాసనకు ముఖం తిప్పుకున్నాడు. రసీదులో "నష్టానికి అమ్మితిని" అని పెద్ద అక్షరాలతో రాయించి, పద్మనాభయ్య గారు దాన్ని కారుకు వినిపించేటట్టు పైకి చదివాడు. అప్పుడు అడిగితే జ్యోతిష్కుడి సంగతి చెప్పాడు. నేను కూడా కూడబలుక్కుని రసీదంతా ఒకసారి చదువుకున్నాకనే మడిచి తట్టలో పెట్టాను.

కారు స్టార్టు అయింది. ఆ చప్పుడుకు లోపలి నుంచి ఒక ముసలావిడ కర్ర పట్టుకుని బయటికి వచ్చింది. బండి ఏ ఊరికి అని అడిగింది. నెల్లూరు మీదుగా కోవూరుకు అన్నాము. నెల్లూరులో మా చిన్నమ్మాయి ఉంది, ఆపండి అని లోపలికి పోయి రెండు ట్రంకుపెట్టెలు పెట్టించుకుని వెనక సీట్లో నా పక్కన కూర్చుంది. ఆవిడ పేరు వెంకటశేషమ్మ గారు. పద్మనాభయ్య గారు గేటు దాకా పరుగెత్తుకొచ్చి కిటికీలోంచి ఇరవై రూపాయల బాడుగ హెబ్రోను ఒళ్లో పడేసి, దారిలో ఎక్కడా ఆపబాకండి అని చెప్పాడు. ఆయన కళ్లలో కూడా నీళ్లే. కొన్న పావుగంటకే మా కారుకు మొదటి బాడుగ వచ్చింది. వెంకటశేషమ్మ గారు దారి పొడుగునా ఎక్కడో చేపవాసన వస్తోందని సీటు కింద వెతుకుతూనే ఉంది. తట్ట నా ఒళ్లోనే ఉంది. అమెరికా వాళ్లు ఏం తింటారో ఏమో అన్నాను.

కోవూరు చేరేసరికి ప్రేమలీల వీధిలోనే నిలబడి ఉంది. కారు వైపు చూడలేదు. నా ముఖం వైపు చూసింది. ఎకరం ఉందన్నాను. మిగిలిన ఐదు వందల మూట చేతిలో పెట్టాను. అప్పుడు చూసింది కారు వైపు. ఇంత పొడుగా, ఎక్కడ పెట్టుకుంటాము అంది.

ఆ ఏడాది కోత పండుగకు క్రీస్తురాజు అయ్యగారిని, ముసలివాళ్లను, పదకొండు మంది పిల్లలను ఆ కారులోనే మందిరానికి తెచ్చారు. ప్రేమలీల ఆ ఎకరం గట్టున కాసిన గుమ్మడికాయ ఒళ్లో పెట్టుకుని వచ్చింది. నేనూ ఆ రోజు మైపాడు నుంచి వెళ్లాను. మొగుడు నోరు తెరవకుండా చూడడానికి పక్కన కూర్చోమని ప్రేమలీల నన్ను బతిమాలింది. చేతిలో కలకండ పొట్లం కూడా పట్టుకున్నాను.

అయ్యగారు కాయ ఎత్తి చూపించారు. ఎవరో రూపాయి అన్నారు. నేను హెబ్రోను దవడ వైపే చూస్తున్నాను, కలకండ అందులో భద్రంగా ఉంది. ఇంకెవరో మూడన్నారు. వెనక నుంచి ఐదు అని వినబడింది. నాకు ఉండబట్టలేదు. అంత కాయ కూడా కాదది, తొడిమ దగ్గర పచ్చిగా ఉంది. "రెండున్నరకు ఇస్తారా అయ్యగారూ," అని అడిగాను.

అయ్యగారు కాయ అట్లానే ఎత్తి పట్టుకుని నిలబడిపోయారు. దేవుని వస్తువుకు ఎవరైనా తగ్గించి అడగడం ఆ మందిరం కట్టినప్పటి నుంచి లేదట. హెబ్రోను నా వైపు తిరిగి, నా చేతిలోని కలకండ పొట్లం మెల్లగా తీసుకుని, అందులోంచి పెద్ద ముక్క ఒకటి ఏరి నా నోట్లో పెట్టాడు.