స్తెఫను పానా

దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు పక్కన రేకుల షెడ్డులో పేతురుది రిపేరు దుకాణం, వెనక గదిలో కాపురం. పొద్దున్నే భార్య రెబెక్క ముందు నీళ్లు చల్లేది, అతను గోనెసంచి పరిచి పనిముట్లు పేర్చుకునేవాడు. అన్నిటికంటే ముందు చిన్న రాచెట్ పానా. నట్టు మీద పెట్టి వేలితో తాకితే చాలు, కిర్రుమంటూ తనంతట తానే తిరిగేది. తీగా లేదు, కరెంటూ లేదు.

అది కొడుకు స్తెఫను వాడిన పానా. అరవైతొమ్మిది ఎండాకాలంలో తెలంగాణ కావాలని ఊరేగింపులో పోయి పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. వాణ్ణి వెతకబోయిన పేతురు కుడి మణికట్టు లాఠీదెబ్బకు విరిగింది, మళ్లీ సరిగా అతకలేదు. సమాధి చేసి వచ్చిన కొన్నాళ్లకు పానా తిరగడం మొదలైంది. తండ్రికి చెయ్యి పనిచెయ్యదని కొడుకు చేస్తున్నాడనుకున్నారు వాడకట్టువాళ్లు. అనుకుని ఎవరి ఫ్యాను వాళ్లు తెచ్చిచ్చారు. ఎండలు మండుతున్నాయి మరి.

మామూలు పానా అరచుట్టు కూడా తిరగని ఇరుకులో, కుట్టుమిషను అడుగున, ఫ్యాను లోపల, అది చిటికెలో నట్టు ఊడదీసేది. కానీ ఎంతైనా కుర్రచేతి బలమే. బిగుసుకున్న నట్టును ముందు పెద్దపానాతో చేత్తో సడలించి దానికి అప్పగించాలి, చివర మళ్లీ చేత్తోనే బిగించాలి. ఆ పని పక్క కట్టెల అడితి సత్తయ్య చేసిపెట్టేవాడు. ఒకసారి అతను లేనప్పుడు తుప్పు నట్టు మీద పెడితే, నట్టు ఊడింది గానీ పానా కొన్ని రోజులు కదల్లేదు. అన్నాళ్లూ రెబెక్క సరిగా తినలేదు. ఇంకోసారి అట్ల చేస్తే కొడుకు మొత్తానికే పోతాడని మొగుణ్ణి హెచ్చరించింది.

తెలంగాణ బంద్ రోజు మధ్యాహ్నం త్రినాథరావు స్కూటరు తోసుకుంటూ వచ్చాడు. గుంటూరు నుంచి ఉద్యోగానికొచ్చి గడ్డిఅన్నారంలో అద్దెకుంటున్న గుమాస్తా. వెనకే భార్య అరుణమ్మ, ఆమె భుజాన చిన్నకూతురు. వాంతులకూ విరేచనాలకూ పిల్ల కళ్లు గుంటలు పడ్డాయి. అంటురోగాలు చూసే కోరంటి దవాఖానకు పోతుంటే టైరు పేలింది. బస్సుల్లేవు, రిక్షాల్లేవు. స్టెప్నీ ఉంది గానీ చక్రం నట్లు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. పెద్దపానాతో త్రినాథరావు కిందామీదా పడ్డాడు. చెయ్యి చీరుకుందే తప్ప నట్టు కదల్లేదు.

సత్తయ్యను పిలిచారు. స్తెఫనును చిన్నప్పుడు ఎత్తుకుని తిరిగినవాడు.

“ఆంధ్రోళ్ల బండికి నేను చెయ్యి పెట్ట, పేతురన్నా. మన పోరన్ని జర యాది చేసుకో” అని అడితిలోకి వెళ్లిపోయాడు. అతని కోపం తప్పనలేం. అయితే పిల్లకు ఆ గొడవేదీ తెలియదు.

“మిమ్మల్ని అడిగే మొహం లేదండీ. కానీ పిల్ల ఆగేట్టు లేదు” అన్నాడు త్రినాథరావు.

పేతురుకు లోపల కోపం లేకపోలేదు. కోపాన్ని మించి, పానా పోతే ఎట్లా అన్న భయం ఉంది. రెబెక్క వచ్చి పిల్ల పాదాలు పట్టి చూసింది. చల్లగా ఉన్నాయి. ఆమే పానా తీసి మొగుడి ఎడమచేతిలో పెట్టింది.

“పెట్టు. అడుగుతె వాడు కాదనెటోడు కాదు.”

మొదటి నట్టు మీద పానా మూలిగింది. వణికింది. అరచెయ్యి కాలేంత వేడెక్కినా పేతురు వదల్లేదు. ఒక్కొక్కటే ఊడాయి. చివరిదానికి కిర్రుమనే చప్పుడు సన్నబడి సన్నబడి, నట్టు రాలాక ఆగిపోయింది. స్టెప్నీ ఎక్కించి పేతురు చెప్పినట్టు త్రినాథరావే బిగించుకున్నాడు.

పిల్ల బతికింది. నాలుగు రోజులకు త్రినాథరావు వచ్చి, గంజి తాగుతోందని చెప్పి, చేతులు జోడించి వెళ్లాడు. మంచిగైందన్నాడు పేతురు. ఆ తర్వాత రోజూ ఏదో ఒక నట్టు మీద పానా పెట్టి తాకి చూసేవాడు. వానలు పడి ఎండలు తగ్గాయి.

ఒక సాయంత్రం రెబెక్క అడిగింది, “తిరుగుతలేదా?”

“లేదే. మన పోరడు పోయిండు.”

సమాధి దగ్గర కూడా ఏడవని మనిషి పానాను గుండెకు అదుముకుని గొంతెత్తి ఏడ్చాడు. స్తెఫను చనిపోయిన ఇన్నాళ్లకు ఆ ఇంట్లో చావు ఏడుపు వినబడింది. అడితిలోంచి సత్తయ్య లేచి వచ్చి పక్కన కూర్చున్నాడు.